పక్కకు తిప్పని ఎక్స్‌రే

కాశీబుగ్గ వైకుంఠరావు ఎక్స్‌రే గది పేరెత్తితే చాలు, తోమా పళ్లు కొరుకుతాడు. తొంభై ఎనిమిదిలో కొబ్బరిచెట్టు మీంచి జారి, తుంటి ఎముక బీటతో అక్కడికి వెళ్లాడు. వైకుంఠరావు కాలు పట్టి పక్కకు తిప్పించాడు. బొమ్మ రాలేదని మళ్లీ తిప్పించాడు. "కదిలావు, తప్పు నీదే" అని తిట్టాడు కూడా. అతుక్కోవలసిన బీట ఆ తిప్పుళ్లలోనే విడిపోయింది. ఆపరేషన్ చేసినా కాలు కురచైపోయింది.

పదకొండేళ్ల తర్వాత, జీడిపిక్కలు ఆరబోసిన కళ్లంలో తోమా భార్య సత్యమ్మ జారిపడింది. నొప్పి తుంటి దగ్గరే. అతను ఇంటి తలుపు ఊడదీసి, దానిమీద ఆమెను పడుకోబెట్టి, కొబ్బరితాడుతో కట్టి, ఆటోలో టెక్కలి తెచ్చాడు. అక్కడి కొత్త ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"తాడు ఇప్పితే ఊరుకోను. దీన్ని తిప్పనివ్వను."

"బాబాయ్, తలుపుకీ ఎక్స్‌రే తియ్యమంటావేటి?" అంది జాయ్, ఎక్స్‌రే తీసే అమ్మాయి.

"నీకు నవ్వులాటగుందేటి! నా కాలు సూడు. ఇలాటి గదిలోనే పోయింది."

జాయ్ నవ్వు ఆపేసింది. "పిన్నిని తిప్పక్కర్లేదు. మిషనే తిరుగుతాది. అద్దం అవతల నిలబడి సూడు."

"ఒగ్గీయయ్యా, నీ తలుపు ఈపుకి గుచ్చుకుంతంది" అని మూలిగింది సత్యమ్మ.

తోమా తానే తాడు విప్పాడు. నలుగురు ఆమె కింద పరిచిన దుప్పటితో సహా ఎత్తి ఆమెను బల్లమీదికి మార్చారు. జాయ్ మీట నొక్కింది. పైకప్పుకు వేలాడే ఎక్స్‌రే గొట్టం తనంతట తానే దిగి, తుంటికి సూటిగా ఆగింది. రెండో బొమ్మకి అదే పక్కకు వచ్చి, బల్ల ఎత్తుకు వంగింది. కిరణాలకు అడ్డు రాకుండా మంచి కాలు మాత్రం పైకెత్తి పెట్టారు. దెబ్బ తగిలిన కాలును ఎవరూ ముట్టలేదు. మళ్లీ తియ్యాల్సిన పనే పడలేదు.

"అయిపోయిందేటి? నువ్వు అరవలేదేటే?"

"ఇక్కడెందుకు అరుత్తాను? నీ ఆటోలోనే అరిసేసినాను."

డాక్టరు జగదీశ్వరరావు బొమ్మలు చూశారు. "ఎముక జరగలేదు. స్క్రూలు వేస్తే సత్యమ్మ తనంతట తానే నడుస్తుంది. విరిగిన ఎముక ఉన్నచోటే ఉండాలి, తోమా. యంత్రమే దాని దగ్గరికి రావాలి. బొమ్మ ఒక్కసారికే కుదిరితే ఒంటికి కిరణాలూ తక్కువ తగులుతాయి. ప్రతి పేదవాడికీ ఇది అందాలి."

తోమా గుండెల నిండా ఊపిరి పీల్చి, కుంటుకుంటూ వెళ్లి తలుపును భుజానికెత్తుకున్నాడు. ఈ మిషను ఆనాడే కాశీబుగ్గలో ఉంటే అతని కాలు నిలిచేది. ఆ కాలి ఆపరేషనుకి అమ్ముకున్న డెబ్బై రెండు సెంట్ల జలంత్రకోట జీడితోటా నిలిచేది.