బియ్యం డబ్బాలో హారన్

పొద్దున్నే డ్రైవర్ డ్యూటీకి బయల్దేరేటప్పుడు అతని భార్య రెండు పనులు చేసేది. టిఫిన్ క్యారియర్ అతని చేతికిచ్చేది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత మీద బరువైన రాయి ఒకటి పెట్టేది. మొదటిది ఏ ఇంట్లోనైనా జరిగేదే. రెండోది ఎందుకంటే, డ్రైవర్ ఊళ్ళో ఎక్కడ బస్సు హారన్ కొట్టినా అది ఆ డబ్బాలో మోగేది.

వీధిలో మాత్రం చప్పుడు ఉండేది కాదు. ముందు వెళ్ళేవాళ్ళకి వినపడక పక్కకి తప్పుకునేవాళ్ళు కారు. తప్పుకోకపోతే డ్రైవర్‌కి ఒళ్ళు మండేది. ఒళ్ళు మండితే ఇంకా గట్టిగా నొక్కేవాడు. ఆ మంటంతా ఇక్కడ డబ్బాలోంచి వెలువడి, గరిటెలు గలగలలాడి, అటక మీద పిల్లి లేచి ఇంకో ఇంటికి వెళ్ళిపోయేది.

మొదట్లో డిపో మెకానిక్‌కి చూపించాడు. మెకానిక్ బస్సు కిందకి దూరి, చాలాసేపు ఉండి (లోపల కునుకు తీశాడని గిట్టనివాళ్ళు అన్నారు), చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"హారన్‌కేం లేదండీ. మోగుతోంది కదా?"

"మోగుతోంది. మా ఇంట్లో."

"మరింకేం. మోగడమే దాని పని. ఎక్కడ మోగాలన్నది నా డిపార్టుమెంటు కాదు."

ఆ రోజు నుంచి డ్రైవర్ దృష్టిలో ఈ మొత్తం వ్యవహారానికి దోషి మెకానిక్. నిజానికి అతని దృష్టిలో దోషులకి కొదవ లేదు. తోపుడుబళ్ళవాళ్ళు, స్కూటర్లవాళ్ళు, రోడ్డు దాటేటప్పుడు ఫోన్ చూసుకునేవాళ్ళు, ఫోన్ చూడకుండా ఆలోచిస్తూ దాటేవాళ్ళు. ఆఖరివాళ్ళంటే మరీ మంట.

"ఈ జనం బాగుపడరురా," అనేవాడు స్టీరింగ్ తిప్పుతూ. "ఎవడికి వాడు తన బుద్ధి సరిచేసుకుంటే గానీ ఈ ఊరు మారదు."

ఆ బస్సుకి కండక్టర్ అతని భార్య తమ్ముడే. బావమరిదికి బావని ఆటపట్టించే హక్కు పుట్టుకతో వస్తుంది, ఇతనేమో దాన్ని వృథా పోనిచ్చే రకం కాదు.

"మంచి మాట బావా. నువ్వు మొదలుపెట్టు. వెనక సీటు దాకా నేను పాకిస్తాను."

"నాకేమైందిరా? నేను సరిగ్గానే ఉన్నాను."

"అందరూ సరిగ్గానే ఉన్నారు బావా. ఊరే పాడైంది," అని కండక్టర్ విజిల్ ఊదేవాడు.

ఇంటి దగ్గర జనం దీనికి ఎప్పుడో అలవాటు పడ్డారు. పక్కింటావిడ గోడ మీంచి అడిగేది, "వదినా, అన్నయ్య మార్కెట్ మలుపు దాటాడా?" అని.

"ఎక్కడమ్మా, ఇప్పుడే తిట్టడం మొదలైంది."

"అయితే నేనింకా స్నానం చేసి రావచ్చు."

డబ్బాలో పొడుగ్గా ఒకటి మోగితే తోపుడుబండి, పొట్టివి వరసగా మోగితే స్కూటర్లు. సాయంత్రం డిపో గేటు దగ్గర అలవాటుగా ఒకటి కొట్టేవాడు. అది విని భార్య పొయ్యి వెలిగించేది. అలా చూస్తే కాపరానికి కొంత సౌకర్యంగానే ఉండేది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ పడేదాకా.

అమ్మాయి నర్సు. రాత్రంతా నిలబడి పొద్దున ఇంటికొచ్చి, నోట్లో రెండు ముద్దలు వేసుకుని మంచం ఎక్కేది. సరిగ్గా కన్ను మూతపడే వేళకి తండ్రి బస్సు మార్కెట్ మలుపుకి చేరేది. రాయి ఎగిరి కింద పడేది. డబ్బాని దుప్పట్లో చుట్టారు. పెరట్లో పెట్టి చూశారు. అప్పుడు హారన్ డబ్బాలోంచి మంచినీళ్ళ కూజాలోకి మారింది. కూజాలో గొంతు ఇంకా బాగా పలికింది కాబట్టి మళ్ళీ డబ్బానే తెచ్చి పెట్టుకున్నారు.

ఒకరోజు సాయంత్రం డ్రైవర్ ఇంటికొచ్చేసరికి అమ్మాయి పెట్టె సర్దుకుంటోంది.

"ఎక్కడికి తల్లీ?"

"హాస్టల్‌కి నాన్నా. ఆసుపత్రి వెనకాలే ఉంది. అక్కడైతే పగలు పడుకోవచ్చు."

"ఇల్లుండగా హాస్టలేంటి?"

అమ్మాయి చీర మడత పెడుతూ, తలెత్తకుండా చెప్పింది. "రాత్రి కునికిపాట్లు పడుతూ ఒకరికి చెయ్యాల్సిన ఇంజెక్షన్ ఇంకొకరికి చెయ్యబోయాను. సూది పెట్టబోతుంటే ఆయనే అన్నాడు, 'నాకు కాదమ్మా, పక్కమంచానికి' అని. ఆయన నిద్రపోతూ ఉంటే ఏమయ్యేదో చెప్పు."

ఇలాంటప్పుడు సాధారణంగా చేసే పనే చేశాడు డ్రైవర్. "దీనంతటికీ ఆ మెకానిక్కే కారణం," అన్నాడు. "నేను చెబుతూనే ఉన్నాను. బండిలో లోపం ఉంది."

"లోపం బండిలో ఉందా?" అంది భార్య.

"మరెక్కడుంది?"

"అయితే రేపు మీరు సెలవు పెట్టండి. మీ బండి ఇంకొకరు నడుపుతారు. డబ్బా బండి వల్ల మోగుతోందో, మీ వల్ల మోగుతోందో తేలిపోతుంది."

"తేలనీ. తేలాక ఆ మెకానిక్ సంగతి చూస్తాను." కూతురి వైపు తిరిగి, కొంచెం గొంతు తగ్గించి అన్నాడు, "ఒక్కరోజు ఆగు తల్లీ. ఒక్కరోజు."

అమ్మాయి పెట్టె మూసి గోడకి ఆనించింది.

మర్నాడు అతని బస్సు ఎక్కినవాడు మామూలువాడు కాదు. హారన్ మీద మోచెయ్యి ఆనించి తాపీగా కూర్చుంటాడని డిపోలో పేరున్న కుర్ర డ్రైవర్. ఇంక డబ్బా మోగకేం చేస్తుందని మన డ్రైవర్ వంటింట్లో పీట వేసుకుని, మూత మీద రాయి తీసేసి, డబ్బా ముందు కూర్చున్నాడు. చెవి దానికేసి పెట్టాడు. మోగితే కూతురి నిద్ర చెడుతుందని తెలిసినా, మోగాలనే కోరుకున్నాడు పాపం. మనిషి సరిగ్గా ఉన్నాననిపించుకోవడానికి ఎంత దూరమైనా వెళ్తాడు.

డబ్బా మోగలేదు. మార్కెట్ మలుపు వేళ అయింది. భార్య పొయ్యి మీది గిన్నె పట్టుకుని దించబోతూ ఆగిపోయింది. గిన్నె వదిలేసి, భుజాలు దగ్గరికి లాక్కుని, కళ్ళు మూసుకుని నిలబడింది.

"ఏమైంది?" అన్నాడతను కంగారుగా.

"ఏం కాలేదు. ఈ వేళప్పుడు వేడివి పట్టుకోను," అంది. అని, కళ్ళు తెరిచి డబ్బా వైపు చూసి, తర్వాత గిన్నె దించింది.

కాసేపటికి అతను పీట మీంచి లేచి వెళ్ళి గదిలోకి తొంగిచూశాడు. అమ్మాయి వాచీ కూడా తియ్యకుండా పడుకుంది. ఒక కాలు మంచం బయటికి వేలాడుతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. బళ్ళో చదివే రోజుల్లో ఇలాగే పడుకునేది. ఎప్పుడో ఇంకో ఇంటికి వెళ్ళిపోయిన పిల్లి కాళ్ళ దగ్గర ముడుచుకుని ఉంది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. భార్య వచ్చి చెయ్యి పట్టి లాగేదాకా అక్కడే ఉన్నాడు.

సాయంత్రం కండక్టర్ చెవుల్లో వేళ్ళు తిప్పుకుంటూ వచ్చాడు.

"అక్కా, కాస్త నెమ్మదిగా మాట్లాడు. బావా, ఆ కుర్రాడు మనిషి కాదు."

"హారన్ మోగిందా?" అన్నాడు డ్రైవర్.

"మోగకపోవడమేంటి? చెవులు చిల్లులు పడ్డాయి."

"ఎక్కడ మోగింది?"

"ఎక్కడేంటి బావా, బస్సుకే. వీధిలో."

భార్య అడిగింది, "మెకానిక్ సంగతి చూస్తానన్నారు?"

"వాడేం చేశాడు పాపం," అన్నాడు డ్రైవర్.

మర్నాడు డ్యూటీకెక్కగానే బావమరిది మెడలో తువ్వాలు అడిగి తీసుకుని హారన్ బటన్‌కి చుట్టి ముడేశాడు. అయినా చెయ్యి ఊరుకోలేదు. దురదపెట్టినట్టు దానంతటదే అటు పోయేది, తువ్వాలు తగిలి వెనక్కి వచ్చేది. మార్కెట్ మలుపు దగ్గర ఎప్పటిలాగే బస్సు ఆగింది, ఎప్పటిలాగే దారి మూసుకుపోయింది. హారన్ లేని డ్రైవర్‌కి చేతిలో పని ఉండదు. పని లేక అతను అద్దంలోంచి చూశాడు.

జనం బస్సు దిగుతున్నారు. దిగినవాళ్ళ కోసం తోపుడుబళ్ళు పరిగెత్తుకొస్తున్నాయి. బళ్ళని తప్పించబోయి స్కూటర్లు అడ్డం తిరుగుతున్నాయి. అన్నిటికీ నడిమధ్యన, రోడ్డు ఇరుకైన చోట, పెళ్ళికొడుకులా నిలబడి ఉంది తన బస్సు. అసలు స్టాపు మలుపు అవతల, రోడ్డు విశాలంగా ఉన్నచోట, ఖాళీగా ఉంది.

"ఒరేయ్," అన్నాడు మెల్లిగా. "మనం స్టాపులో ఎందుకు ఆపట్లేదు?"

"అడుగుతావేంటి బావా, నువ్వే కదా ఇక్కడ ఆపడం మొదలుపెట్టావు. జనాన్ని ఇక్కడే దింపేస్తే అక్కడ ఆగే పని తప్పుతుందని."

"ఎప్పుడు?"

"నా పెళ్ళికి ముందు."

బావమరిది పెద్ద కూతురు హైస్కూల్లో ఉంది. డ్రైవర్ తువ్వాలుతో ముఖం తుడుచుకోబోయి, అది ముడేసి ఉందని గుర్తొచ్చి చొక్కా చేత్తో తుడుచుకున్నాడు.

తర్వాతి ట్రిప్పులో బస్సు మలుపు దగ్గర ఆగకుండా స్టాపు దాకా వెళ్ళింది. అలవాటైన చోట దిగలేకపోయినవాళ్ళు గొణిగారు. పళ్ళబండి ఆవిడ బుట్ట చంకనెట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"ఏం డ్రైవర్‌గారూ, కళ్ళజోడు మర్చిపోయారా?"

"లేదమ్మా. ఇవాళే పెట్టుకున్నాను. రేపట్నుంచి బస్సు ఇక్కడే ఆగుతుంది, బండి ఇక్కడ పెట్టుకో."

కళ్ళజోడు లేని ముఖాన్ని ఆవిడ కాసేపు పరీక్షగా చూసి, మనిషికి ఎండ తగిలిందని తీర్మానించుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మాత్రం బండి స్టాపు దగ్గరే పెట్టింది. ఆవిడ వెనక మిగతా బళ్ళు వచ్చాయి. వెనకొచ్చే బస్సులు కూడా, మలుపు దగ్గర ఎక్కేవాళ్ళు లేక, స్టాపు దాకా రావడం మొదలుపెట్టాయి. మలుపు ఖాళీ అయింది. ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు. డ్రైవర్‌కి చాలాసార్లు నోటిదాకా వచ్చింది గానీ బావమరిది విజిల్ పట్టుకుని సిద్ధంగా ఉండేసరికి మింగేశాడు.

అమ్మాయి పెట్టె కొన్నాళ్ళు గోడకే ఆనుకుని ఉంది. ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు. ఒకరోజు చూస్తే అది అటకెక్కి ఉంది, దాని మీద పిల్లి.

"నాన్నా," అంది అమ్మాయి ఆ పూట, "సాయంత్రం డిపో గేటు దగ్గర ఒక్కసారి కొట్టు. చిన్నగా. డ్యూటీకి లేవాలి."

అప్పటినుంచి సాయంత్రం తువ్వాలు విప్పి ఒక్కసారి వేలు ఆనిస్తాడు. డబ్బాలో బియ్యం గింజలు కదిలినంత చప్పుడవుతుంది. పక్కగదిలో అమ్మాయి ఒళ్ళు విరుచుకుని లేస్తుంది, భార్య పొయ్యి వెలిగిస్తుంది, పక్కింటావిడ గడియారం సరిచేసుకుంటుంది.

ఈమధ్య ఒకనాడు డ్రైవర్ డిపో బెంచీ మీద కూర్చుని ఉండగా ఆ కుర్ర డ్రైవర్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"అన్నా, నిన్నట్నుంచి నా హారన్ బస్సులో మోగట్లేదు."

"ఇంట్లో మోగుతోందా?"

"మా ఇంట్లో అయితే బాధేముందన్నా. మా అత్తగారింట్లో మోగుతోంది. ఇప్పటికే ఆవిడ చాలాసార్లు ఫోన్ చేసింది. మెకానిక్‌ని అడిగితే తన డిపార్టుమెంటు కాదంటాడు. అసలు వాడి వల్లే ఇదంతా."

కండక్టర్ నవ్వు ఆపుకోలేక విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. డ్రైవర్ మాత్రం నవ్వలేదు. బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చాడు.

"మెకానిక్‌ని వదిలెయ్యి," అన్నాడు. "రేపు సెలవు పెట్టి అక్కడికి వెళ్ళి కూర్చో."

"మా అత్తగారింట్లోనా?"

"వంటింట్లో," అన్నాడు డ్రైవర్. "డబ్బా ముందు."