తరాజు వైకుంఠం

కాంటా పళ్లెంలో చివరి దుంగ వేసి వైకుంఠం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గొలుసులు కిర్రుమన్నాయి. పళ్లెం అటూ ఇటూ ఊగి, నెమ్మదించి, గాలిలో ఆగింది. ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టడం అతనికి అలవాటు. కట్టెల డిపోలో ఆ అలవాటుతో పనేమీ లేదు. దుంగకు దుంగ అటూ ఇటూ అయినా ఛత్రినాకలో ఎవరూ అడగరు. ఆషాఢం వానకు కట్టె ఎలాగూ నాని ఉంది.

"ఇడువు వైకుంఠం, ఊపిరి ఇడువు. అది బంగారం గాదు, తుమ్మకట్టె" అన్నాడు డిపో యజమాని భిక్షపతి, గద్దె మీద నుంచి.

వైకుంఠం ఊపిరి వదిలాడు. బక్కపలచని మనిషి. యాభై దాటాయి. మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది, ఏళ్ల తరబడి ఒక చిన్న ముల్లు వంక చూసి చూసి. అతనిలో చూడదగ్గది కుడిచెయ్యి ఒక్కటే. పొడుగాటి వేళ్లు, పొట్టిగా తీసిన గోళ్లు. కట్టెలు మోసి మోసి అరచెయ్యి బొబ్బలెక్కినా, ఆ వేళ్లు మాత్రం వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు నున్నగా ఉంటాయి. వాటి మీద ఈగ వాలదు. డిపోలో బెల్లం పాకం మీద ముసిరినట్టు ముసురుకునే ఈగలు అతని మోచేతిదాకా వచ్చి, అక్కడ ఆగి, తిరిగి పోతాయి.

గొలుసు విప్పుతూ అతను వీధికి అవతల వైపు చూశాడు. తాళం వేసిన ఇంటి అరుగు మీద బీరయ్య వచ్చి కూర్చున్నాడు. బాగా ఎడంగా చంద్రమ్మ.

వాళ్లు రోజూ వస్తారు. కట్టెలు కొనరు. ఏమీ అడగరు. డిపో తెరిచే వేళకు వచ్చి, మూసే వేళకు లేచి పోతారు. మొదట్లో ఆ అరుగు నిండా ఉండేవాళ్లు. కుంటివాళ్లు, దగ్గేవాళ్లు, ఒకనాటి పహిల్వాన్లు. మాటామంతీ లేకుండా, ఇటువైపే చూస్తూ. ఒకరోజు ఒకరు రాకపోయేవారు. మర్నాడు కూడా రాకపోయేవారు. అయినా పక్కవాళ్లు జరిగి ఆ జాగాలో కూర్చునేవాళ్లు కాదు. పళ్లూడిన దవడలా అరుగు మీద సందులు అలాగే ఉండిపోయేవి. ఇప్పుడు ఇద్దరే మిగిలారు, మధ్యలో ముగ్గురు పట్టేంత ఖాళీతో.

నల్లమందు అమ్మకం నేరమని కొత్త చట్టం రాకముందు వైకుంఠం లాల్‌దర్వాజ వైపు పోయే సందులో, లైసెన్సు ఉన్న నల్లమందు దుకాణంలో తూకం వేసేవాడు. లైసెన్సుదారులు మారారు, గోడల రంగులు మారాయి, తరాజు పట్టిన మనిషి మారలేదు. దుకాణానికి ఇనుప జాలీ కిటికీ, కింద చెయ్యి పట్టేంత కంత. పర్మిట్టు ఉన్నవాళ్లు వరుసలో వచ్చి అరచెయ్యి చాపేవాళ్లు. లోపల చీకట్లోంచి అతని చెయ్యి వచ్చి, కాగితంలో చుట్టిన నల్లని గోలీ ఆ అరచేతిలో పెట్టి లోపలికి పోయేది. అందుకే వాళ్లకు అతని మొహం సరిగా తెలియదు. దుకాణం మూతపడ్డాక ఒకనాడు బీరయ్య ఈ వీధిన పోతూ, కాంటా గొలుసు పట్టుకున్న చెయ్యి చూసి ఆగిపోయాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మర్నాటికి మిగతావాళ్లు వచ్చారు.

వైకుంఠం జన్మలో ఒక్క గోలీ నోట్లో వేసుకుని ఎరగడు. కానీ ఆ వాసన ఒంట్లో ఇంకిపోయింది. పెళ్లయిన కొత్తలో భార్య సక్కుబాయి ముక్కు మూసుకునేది. తరవాత తరవాత అతని చెయ్యి మొహం దగ్గర పెట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. దుకాణం పోయి ఆ వాసన పలచబడ్డాక సక్కుబాయి నిద్ర కూడా పోయింది. ఇప్పుడామె తెల్లవార్లూ కళ్లు తెరుచుకుని దూలాలు చూస్తూ పడుకుంటుంది.

బేరాలు కాస్త తెరిపిచ్చాక బీరయ్య లేచాడు. అతను లేవడం చూడటం కష్టం. ముందు రెండు చేతులూ గోడకు ఆనించాలి, తరవాత మోకాళ్లు, ఆ తరవాత నడుము. ఒకప్పుడు రాతి పని చేసేవాడు. మిద్దె పిట్టగోడ కడుతూ పడి వెన్ను విరిగింది. డాక్టరు రాసిచ్చిన పర్మిట్టు మీద పొద్దున కొంత, సాయంత్రం కొంత నల్లమందు తిని, విరిగిన వెన్నుతోనే మళ్లీ ఇరవై ఏళ్లు సుత్తి పట్టాడు. దుకాణం ఉన్న సందులో సగం గడపరాళ్లు అతను చెక్కినవే. దుకాణం మూసిన నెలలోపే సుత్తి వదిలాడు.

వీధి దాటి వచ్చి, అలవాటుగా అరచెయ్యి చాపాడు. ఈసారి అరచేతిలో ఒక పొట్లం ఉంది.

"తమ్మీ, గిది జర చూడు. నిన్న ధూల్‌పేటల తెచ్చిన. మంచిదేనా?"

వైకుంఠం పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడిన బెల్లం, కాచు వాసన. వాటి కింద ఇంకేదో, ఆస్పత్రి వరండాలో వచ్చేలాంటి తెల్లటి, చేదు వాసన. వేళ్ల మధ్య నలిపితే ముద్ద కావలసింది పలుకులు పలుకులుగా విడిపోయింది.

"ఇది నల్లమందు కాదన్నా. ఏవో మాత్రలు నూరి కలిపిండ్రు. తినకు."

"తినకుంటే నడుమున సుత్తి వెట్టి కొడ్తున్నట్టుంది తమ్మీ. నేను కొట్టిన రాళ్లన్ని తిరిగొచ్చి నన్ను కొడ్తున్నయి."

"మధ్యాన్నం నేనే పోయొస్త. మన పాత దుకాణం అంజన్న ఆడనే ఉన్నడంట. మంచిది దొరుకుతదేమో అడుగుత. అప్పటిదాక ఆగు."

బీరయ్య తలూపాడు. చాపిన చెయ్యి మాత్రం తీయలేదు.

పొట్లం మోరీలో పారేయాలని వైకుంఠానికి అనిపించింది. కానీ ఎదురుగా అరచెయ్యి ఉంది. చాపిన అరచేతిలో పెట్టవలసింది పెట్టకుండా తన చెయ్యి ఏనాడూ వెనక్కి పోలేదు. అతను ఆలోచిస్తుండగానే వేళ్లు పొట్లం మడిచి బీరయ్య చేతిలో పెట్టేశాయి.

మధ్యాహ్నం భిక్షపతికి చెప్పి ధూల్‌పేటకు నడిచాడు. సన్నగా తుంపర పడుతోంది. గుడి ముందు డప్పులవాళ్లు బోనాలకని డప్పులు మంట దగ్గర కాచుకుంటున్నారు. నాలుగైదు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి విని, మళ్లీ కాచుకుంటున్నారు.

పాత దుకాణంలో అంజన్న పొట్లాలు కట్టేవాడు. ఇప్పుడు వినాయకుడి బొమ్మలు చేసే షెడ్డు వెనక భాగంలో ఉంటాడని వైకుంఠం విన్నాడు. లోపలికి అడుగు పెడితే వెలుతురు చాలా తక్కువగా ఉంది. తడిమట్టి, గడ్డి, కొబ్బరిపీచు వాసన. వరుసలు వరుసలుగా గణపతులు, రంగు పడనివి, కళ్లు దిద్దనివి. కొన్నింటికి ఇంకా తొండం లేదు. అంత మంది నడుమ దారి చేసుకుంటూ పోతుంటే, అందరూ తనవైపు తిరిగి, కళ్లు లేక గుర్తుపట్టలేకపోతున్నట్టు అనిపించింది వైకుంఠానికి.

చిట్టచివర, గోనెపట్టా మీద అంజన్న కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కాడు.

"ఏందన్నా, నువ్వు గిట్లొచ్చినవ్?"

"బీరన్నకు ఇచ్చింది నువ్వేనా?"

"నేను గాదు. ఎవరిచ్చిండ్రో ఎవరికెరుక. అప్పుడు ఒక దుకాణం, ఒక తరాజు. ఇప్పుడీ గల్లీల ఇంటికొక్కడు అమ్ముతుండు. అన్నిట్ల ఏదో ఒకటి కలిపిందే. పోలీసోళ్లొచ్చి పట్టుకపోతరు. పట్టుకపోయినంక వచ్చెటోడు ఇంకా కల్తీ తెస్తడు. అసలు సరుకు అడిగెటోళ్లు లేరు. ఎట్ల తెల్వాలె ఏది అసలో? తెల్సినోళ్లంత అరుగుల మీద కూసొని సస్తుండ్రు."

అంజన్న గొంతు తగ్గించాడు.

"నువ్వొచ్చి కూసోరాదన్నా. తరాజు పట్టుకో సాలు. నీ చెయ్యి చూస్తె నమ్ముతరు. నీ చెయ్యి ఉంటె కల్తీ ఆడికే ఆగిపోతది."

"దొరికితె పదేండ్లు జైలంట, అంజన్నా."

"ఆల్లు సస్తె ఎన్నేండ్లు?"

షెడ్డు పైరేకుల మీద తుంపర చప్పుడు వినిపించింది. ఎక్కడో ఒక మట్టిచెయ్యి ఊడి పడ్డట్టుంది, మెత్తగా దబ్బుమంది. ఇద్దరూ అటు చూడలేదు.

చివరకు అంజన్న గోడ ఇటుక జరిపి, తేనెమైనపు గుడ్డలో చుట్టిన చిన్న ముద్ద తీశాడు. దుకాణం మూసిననాడు మిగిలిందట, తల్లి కోసం దాచిందట. తల్లి పోయింది. "తీస్కపో. మాట ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. డబ్బు ముట్టలేదు.

జీవితంలో మొదటిసారి వైకుంఠం జేబులో చట్టం ఒప్పని వస్తువు పడింది. వీధిలోకి వచ్చాక ప్రతి ఖాకీ చొక్కా తననే చూస్తున్నట్టుంది. చివరకు బస్సు కండక్టరును చూసినా పక్కకు తప్పుకున్నాడు. అయినా అడుగు వేగంగానే పడింది. గుడ్డలోంచి ఆ పాత వాసన చొక్కా దాటి మొహానికి తగులుతుంటే, ఏదో పోగొట్టుకున్నది దొరికినట్టు, ఇన్నాళ్లకు తన ఒళ్లు తనకు తిరిగి వచ్చినట్టు అనిపించింది.

డిపో దగ్గరికి వచ్చేసరికి బీరయ్య అరుగు మీదే ఉన్నాడు, గోడకు వీపు ఆనించి, గడ్డం రొమ్ము మీదికి వాల్చి. నిద్రపట్టిందనుకున్నాడు వైకుంఠం. ఖాళీ కడుపున ముద్ద తింటే పడదని, మూలనున్న హోటలుకు పోయి కప్పూ సాసరూ పట్టుకుని వచ్చాడు. చాయ్ బీరయ్య మోకాలి పక్కన అరుగు మీద పెట్టి, "లేసినంక తాగమను, అవ్వా" అని చంద్రమ్మకు చెప్పాడు. చంద్రమ్మ తలూపింది.

అప్పుడే రెండు బండ్ల చింతమొద్దులు వచ్చాయి. భిక్షపతి కేకేశాడు. వైకుంఠం దించాడు, పేర్చాడు, తూచాడు. మధ్యమధ్య తలెత్తి చూశాడు. బీరయ్య కదల్లేదు. నడుము నిటారుగా ఉంది. అతని నడుము అంత నిటారుగా వైకుంఠం ఎన్నడూ చూడలేదు.

పని ఆగాక చేతులు దులుపుకుని వీధి దాటాడు. "బీరన్నా" అని భుజం మీద చెయ్యి వేయబోయాడు.

"లేపకు కొడుకా" అంది చంద్రమ్మ.

వైకుంఠం చెయ్యి గాలిలోనే ఆగింది.

"నువ్వు ధూల్‌పేట దిక్కు పోయినంక పొట్లం నోట్లేస్కున్నడు. నువ్వొచ్చేదాక ఆగుత అన్నడు, ఆగలేకపోయిండు. జరసేపటికే పోయిండు."

"అవ్వా... మరి ఎందుకు చెప్పలే? చాయ్ తెచ్చి పెట్టిన గదా."

"చెప్తె అందరొచ్చి లేపుతరు. ఇన్నొద్దులకు నొప్పి లేకుంట కూసున్నడు. ఇంకింత సేపు కూసోనియ్యి అనుకున్న."

వైకుంఠం అరుగు అంచున కూర్చుండిపోయాడు. బీరయ్య అరచెయ్యి తొడ మీద వెల్లకిలా తెరుచుకుని ఉంది. పొద్దున అందులో పొట్లం పెట్టిన తన వేళ్లను చూసుకున్నాడు. వాటిని ఎక్కడ దాచుకోవాలో తోచలేదు. ఏడుపు రాలేదు. దూరంగా డప్పు ఒకసారి మోగి ఆగింది.

భిక్షపతి వచ్చి చూశాడు. పోలీసులు, పంచనామా అంటూ గొణిగాడు. తరవాత తనే "ముసలోడు, వయసయింది" అని తేల్చేశాడు. ఎవరూ కాదనలేదు. కబురు అందుకుని బీరయ్య తమ్ముడి కొడుకు రిక్షా తొక్కుకుంటూ వచ్చాడు. ముగ్గురూ పట్టి ఎత్తితే బీరయ్య ఎండుకట్టెలా తేలిగ్గా లేచాడు. రిక్షా మలుపు తిరిగేదాకా వైకుంఠం నిలబడి చూశాడు.

వెనక్కి తిరిగితే చంద్రమ్మ తన చోటులోనే ఉంది. ఆమె కీళ్లు చింతకాయల్లా వంకర తిరిగి ఉన్నాయి. ముక్కుపుటాలు కొంచెం అదిరాయి.

"నీ జేబుల ఉన్నది గదా" అంది మెల్లగా. అడగడం కాదు, కనిపిస్తున్నది చెప్పినట్టు.

వైకుంఠం వీధి రెండు కొసలూ చూశాడు. సాయంత్రపు రద్దీ మొదలైంది. ఆటోలు, సైకిళ్లు, వేపకొమ్మలు మోసుకుపోయే ఆడవాళ్లు. అతను ఆమె పక్కన, వీధికి ఎదురుగా కూర్చున్నాడు. గుడ్డ విప్పాడు. తరాజు లేదు. గోటితో ముద్దలోంచి గురిగింజంత తీసి, వేళ్ల మధ్య గుండ్రంగా చేసి, ఊపిరి బిగబట్టి చూశాడు. రవ్వంత తగ్గించాడు. ఆమె చాపిన అరచేతిలో పెట్టాడు.

"రేపటికి రేపు ఇస్త అవ్వా. బయట ఎవ్వల దగ్గర తీస్కోకు."

"నువ్వుంటవ గద" అంది చంద్రమ్మ.

"ఉంట" అన్నాడు. పదేళ్ల మాట గుర్తొచ్చింది. అయినా ఉంటానన్న మాట వెనక్కి తీసుకోలేదు.

భిక్షపతి తలుపు రెక్కలు మూస్తున్నాడు. చంద్రమ్మ గోడ పట్టుకుని లేచి వెళ్లింది. వైకుంఠం కూడా కండువా దులిపి ఇంటిదారి పట్టాడు. అరుగు మీద హోటలు కప్పులో చాయ్ నిండుగా అలాగే ఉంది. పైన కట్టిన మీగడ ముడతలు పడి, తుంపర చుక్క పడినప్పుడల్లా సన్నగా వణుకుతోంది.