నూట అరవై రెండు గంటలు

మోతీనగర్‌లో మా వీధివాళ్లందరికీ నేను పైలట్‌ని. రెండేళ్లుగా పైలట్‌ని. ఆ రెండేళ్లలో నేను నేల విడిచి ఎక్కిన అన్నిటికన్నా ఎత్తైన చోటు మా మూడంతస్తుల ఇంటి డాబా. అది కూడా వడియాలు ఎండబెట్టమని అమ్మ పంపితే.

పక్కింటి దేవమ్మత్త కనబడ్డప్పుడల్లా అడిగేది.

"తిరుమలేశూ, ఈసారి బోనాలకు జర మీదికెంచి పూలు చల్లరాదురా!"

"చూద్దాం అత్తా" అనేవాణ్ణి. హెలికాప్టర్ ఇంటి వెనక రేకుల షెడ్డులోనే ఉన్నట్టు, నూనె పోయించడమే తరువాయి అన్నట్టు.

మా నాన్న జంగయ్య ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాడు. నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా పేపర్లో ఒక వార్త చదివాను. దేశంలో హెలికాప్టర్ పైలట్లు దొరకడం లేదట. దొరకని వస్తువుకి గిరాకీ ఎక్కువ కదా అనుకున్నాను. అంతకుమించి నేనేమీ ఆలోచించలేదు. నాన్న కూడా అడ్డు చెప్పలేదు. రిటైరయ్యాక చేతికి వచ్చిందంతా నా చదువులోనే పోశాడు.

వేరే రాష్ట్రంలో శిక్షణ. పదకొండు మందికి రెండు హెలికాప్టర్లు. అందులో ఒకటి ఎప్పుడూ రిపేరులోనే ఉండేది. గాల్లో ఒక్కచోట కదలకుండా నిలబెట్టడం మొదటి పాఠం. "ఈ గ్రౌండ్ దాటకుండా నిలబెట్టు చాలు" అనేవాడు మా గురువు. నేను గ్రౌండూ దాటేవాణ్ణి, పక్కనున్న చెరుకు తోటా దాటేవాణ్ణి. అందరికీ పది పన్నెండు గంటల్లో వచ్చిన విద్య నాకు ఇరవై గంటలకు వచ్చింది. ఎలాగైతేనేం, పరీక్షలన్నీ గట్టెక్కి, నూట అరవై రెండు గంటలు నడిపి, లైసెన్సు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. కొరత నాలాంటివాళ్లకు కాదు, అనుభవం ఉన్న కెప్టెన్లకు. ఏ కంపెనీకి రాసినా ఒకటే జవాబు. వెయ్యి గంటలు నడిపి రండి. నడపాలంటే ఎవరైనా ఉద్యోగం ఇవ్వాలి. ఇవ్వాలంటే నడిపి ఉండాలి. ఈ సంగతి నాన్నకు చెబితే కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మా డిపోల కొత్తోడొస్తే సీనియర్ పక్కన కూసోబెట్టి నేర్పుతుండె. మీ దాంట్ల గట్ల లేదా?"

"ఉంది నాయినా. కాని ఆ పక్క సీటుక్కూడా గంటలు కావాలంటుండ్రు."

"గట్లయితే ఇగ కొరత ఎట్ల తీరుతది?"

వడియాలు తిరగేయడానికి డాబా మీదికి పోయాను.

అలాంటి రోజుల్లో మేనమామ పోచయ్య ఫోన్ చేశాడు. ఆయన సినిమా సెట్లు కట్టే వడ్రంగి.

"అల్లుడూ, ఫిల్మ్‌నగర్ల హెలికాప్టర్ తెలిసినోడు కావాలంట. జల్దీ రా!"

తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు పట్టీలు, చేతిలో ఫైలు. ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద ఆటో మొరాయిస్తే దిగి, మిగతా దూరం నడిచి, చెమటలు కక్కుతూ స్టూడియో ఫ్లోర్‌లోకి అడుగుపెట్టాను. నాలుగు వైపులా ఆకుపచ్చ గుడ్డ. మధ్యలో హెలికాప్టర్. తోక లేదు, పైన రెక్కలు లేవు. ప్లైవుడ్‌తో చేసి, వెండిరంగు కొట్టి, లారీ టైర్ల మీద నిలబెట్టారు. నలుగురు మనుషులు పక్కనుంచి ఊపితే అది ఎగురుతున్నట్టు.

"నేనే జేసిన" అన్నాడు మామ, దాన్ని ప్రేమగా నిమురుతూ. "చూసినవా, నీ లైసెన్స్ కంటె ముందు నా ప్లైవుడ్‌కే పని దొరికింది."

నా పని, హీరో సూర్యతేజకు పైలట్‌లా కూర్చోవడం నేర్పడం. మంచి మనిషి. చెప్పింది శ్రద్ధగా వినేవాడు. కానీ హెలికాప్టర్‌ని నడిపే కర్ర చేతికి రాగానే లారీ స్టీరింగు తిప్పినట్టు తిప్పేవాడు. పైగా కెప్టెన్ కుడి సీట్లో కూర్చోవాలి. సూర్యతేజకు ఎడమ వైపు నుంచి చూస్తేనే ముఖం బాగుంటుందని ఎడమ సీట్లో కూర్చోబెట్టారు.

"సర్, కెప్టెన్ అటు వైపు కూర్చుంటాడు" అన్నాను డైరెక్టర్‌తో.

"ఏంటండీ మీరు! ఆడియన్స్ సీటు చూస్తారా, హీరోని చూస్తారా?"

మూడో రోజుకు నాతో గొడవెందుకని చేతులు దగ్గరగా చూపించే షాట్లన్నీ నా మీదే తీసేశారు. హీరో వాచీ, హీరో ఉంగరం పెట్టుకుని, ప్లైవుడ్ హెలికాప్టర్‌ని ఎంతో ఒడుపుగా తుఫానులోంచి బయటపడేశాను. సెట్లో అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా నేను కూడా లేచి దండం పెట్టాను.

ఆ చప్పట్లలో కలవకుండా ఒకావిడ దూరంగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. కురచ జుట్టు, మామూలు కాటన్ చొక్కా. ఆవిడ కెప్టెన్ మనోజ. వైమానిక దళంలో పనిచేసి వచ్చి, ఒక చిన్న హెలికాప్టర్ కంపెనీలో తనూ నడుపుతూ పైలట్ల వ్యవహారం చూస్తోంది. ఈ సినిమాకు ఒకరోజు అసలు హెలికాప్టర్ కావాలంటే డైరెక్టర్‌తో మాట్లాడడానికి వచ్చింది.

"చేతులు చూస్తే నడిపినోనివి లెక్కున్నయ్" అంది నా దగ్గరికొచ్చి. "లైసెన్స్ ఉందా?"

"ఉంది మేడమ్."

"గంటలెన్ని?"

నూట అరవై రెండు అని చెప్పాలి. ఆ అంకె రెండేళ్లుగా నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. కానీ చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. వేలికి హీరో ఉంగరం ఉంది.

"మూడు వందలు మేడమ్" అన్నాను.

ఆవిడ తల ఊపింది. "ఎన్నికలొస్తున్నయ్. లీడర్లను తిప్పాలంటే ఇద్దరు పైలట్లుండాలె. నా దగ్గరున్న ఇద్దరు పిల్లలు వేరే కంపెనీకి పోయిండ్రు. రెండు వందల యాభై దాటినోడైతే నేను పనికి తయారుచేసుకుంట. గురువారం పదింటికి జూబ్లీహిల్స్ ఆఫీసుకు రా. లాగ్‌బుక్ తెచ్చుకో."

లాగ్‌బుక్ అంటే పైలట్ జాతకం. ఏ రోజు, ఏ నంబరు హెలికాప్టర్, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎంతసేపు అన్నీ అందులో ఉంటాయి. నా జాతకంలో నూట ముప్ఫై ఎనిమిది గంటలు తక్కువ.

బుధవారం మధ్యాహ్నం మామ ఇంటికొచ్చాడు. సంగతి చెబితే ఏమాత్రం కంగారుపడలేదు.

"గింతేనా? రాసెయ్. కాగితం కొత్తగ కనబడితే చాయ్ నీళ్లు కొడదాం. గంటసేపట్ల పాతగైతది. రాజుల కాలం ఫర్మానాలు గట్లనే జేస్తం మేము."

ఆయన వంటింట్లోకి వెళ్లి అమ్మతో చాయ్ పెట్టించాడు కూడా. నేను ముందు పెన్సిల్‌తో ఒక వరస రాశాను. తేదీ రాశాను. హెలికాప్టర్ నంబరు రాశాను. గంటన్నర అని రాశాను. ఎక్కణ్ణుంచి ఎక్కడికి అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. ఏ ఊరు రాసినా అక్కడి గాలి ఎటు వీచింది, దిగేటప్పుడు కింద ఏముంది అని మనసు అడుగుతోంది. చేసిన ప్రతి ప్రయాణమూ నాకు గుర్తే. చెరుకు తోట మీదికి పోయినవి మరీ గుర్తు.

గుమ్మంలో నాన్న నిలబడి ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"చాయ్ ఎందుకురా అన్ని నీళ్లు పోసి పెట్టింది మీ అమ్మ?" అన్నాడు.

ఆయన వచ్చి పుస్తకం చూశాడు. ఇంగ్లీషు పెద్దగా చదవలేడుగానీ, ముప్ఫై ఏళ్లు ట్రిప్ షీట్లు నింపిన మనిషి. గడులు అర్థమవుతాయి.

"రేపు మంచులనో వానలనో నీకు చేతగాలేదనుకో. ఎన్కాల మనుషులు కూసుంటరు. ఈ రాసిన గంటలొచ్చి పట్టుకుంటయా?"

అంతే అని వెళ్లిపోయాడు. రబ్బరు తీసుకుని ఆ వరస చెరిపేశాను. ఇందులో నా గొప్పేమీ లేదు. నాన్న రాకపోయి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకిప్పటికీ తెలియదు. ఆ నీళ్ల చాయ్ మామే తాగాడు.

గురువారం జూబ్లీహిల్స్ ఆఫీసులో కెప్టెన్ మనోజ ముందు పుస్తకం పెట్టి, తెరవకముందే చెప్పేశాను.

"మేడమ్, మూడు వందలు అబద్ధం. నూట అరవై రెండే."

"తెలుసు" అంది ఆవిడ. "సెట్ల మాట్లాడిన దినమే నువ్వు నేర్చుకున్న స్కూల్ కనుక్కొని మీ గురువుకు ఫోన్ చేసిన. చెరుకు తోట కథ గూడ చెప్పిండు."

నా చెవులు కాలిపోయాయి.

"ఇయ్యాల నిజం చెప్పినవ్, మంచిది. కాని ఆ దినం అడిగిన వెంటనే అబద్ధం వచ్చింది కదా! గాల్ల నేను ఫ్యూయెల్ ఎంతుందని అడుగుత. నువ్వు నాకు నచ్చే అంకె చెప్తే ఇద్దరం పోతం. కో-పైలట్ ఉద్యోగం లేదు."

"సరే మేడమ్" అని లేచాను. గౌరవంగా బయటికి నడవాలనుకున్నాను. తలుపు తీస్తే అది బాత్రూము. మళ్లీ వెనక్కి తిరగడానికి మొహం చెల్లక, లోపలికే వెళ్లి, అవసరం లేకపోయినా చేతులు కడుక్కుని బయటికొచ్చాను. ఆవిడ పెదవులు బిగపట్టి కాగితాలు చూస్తోంది.

"తిరుమలేశ్" అంది తలెత్తకుండా. "హెలిప్యాడ్లు చూసెటోడు గూడ లేడు నాకు. ఎండల పని. ఎగురుడు ఉండదు. చేస్తవా?"

చేస్తానన్నాను. వీధిలో "కంపెనీలో చేరాను" అని మాత్రమే చెప్పాను. వివరాలు అమ్మ తనకు తోచినట్టు నింపుకుంది.

ఏడు నెలలు జిల్లాలన్నీ తిరిగాను. స్కూలు గ్రౌండులో టేపు పట్టి కొలవడం, కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో చూడడం, గాలి ఎటుందో తెలిసేలా గుడ్డ కట్టడం, మేకల్నీ నాయకుల అనుచరుల్నీ అవతలికి తోలడం. మేకలే నయం, చెబితే వినేవి. మొదటి వారంలోనే నా ప్రతాపం చూపించాను. ట్యాంకరుతో నీళ్లు కొట్టించడం మరిచిపోయాను. హెలికాప్టర్ కిందికి దిగుతుంటే ఎర్రమట్టి దుమ్ము గోడలా లేచింది. స్వాగతం చెప్పడానికి వచ్చిన వాళ్లందరూ ఇటుక బట్టీలోంచి వచ్చినట్టయ్యారు. కెప్టెన్ మనోజ దిగకుండా మళ్లీ పైకి లేపుకుపోయింది. నేలంతా తడిశాకే దించింది. తిడుతుందనుకుని ముందే చెప్పాను.

"ట్యాంకర్ నేనే మర్చిపోయిన మేడమ్. తప్పు నాదే."

"ఊ" అంది. అంతే. నోట్సులో ఏదో రాసుకుంది.

ఆ తర్వాత ఏ ఊళ్లో ఏది సరిగ్గా లేకపోయినా ఉన్నదున్నట్టు ఫోన్‌లో చెప్పేవాణ్ణి. రెండుసార్లు "ఇక్కడ దిగకండి" అన్నాను. రెండుసార్లూ నాయకుల మనుషులు నన్ను కొట్టినంత పని చేశారు. రెండుసార్లూ ఆవిడ దిగలేదు. ఎనిమిదో నెలలో నన్ను పిలిచి, కంపెనీ తరఫున ఆ రకం హెలికాప్టర్ మీద శిక్షణకు పంపింది. గంటలు తక్కువ కదా మేడమ్ అంటే, "కొరత ఉంది కదా" అంది నవ్వకుండా.

కో-పైలట్‌గా నా మొదటి ప్రయాణం మెదక్ పక్కన ఒక సభకు. పోయేటప్పుడు నా పని చెక్‌లిస్టు చదవడం, రేడియోలో మాట్లాడడం. ఆ రెండింటిలోనే మూడుసార్లు తడబడ్డాను. సభ అయ్యాక నాయకుడు కారులో వేరే ఊరికి పోతానన్నాడు. ఖాళీ హెలికాప్టర్ తిరిగి బేగంపేటకు తేవాలి. పొద్దు వాలడానికి ఇంకా టైముంది. ఇద్దరం హెలికాప్టర్ నీడలో కూర్చుని, ఆవిడ డబ్బాలో తెచ్చిన పులిహోర తిన్నాం. కెప్టెన్ మనోజకు శిక్షణ ఇచ్చే అర్హత కూడా ఉంది. డబ్బా మూత పెడుతూ అంది.

"వాపసు నువ్వు నడుపు."

నీళ్లు తాగి లేచాను.

ఎడమ సీట్లో కూర్చుని మెల్లగా పైకి లేపాను. మొదట కొంచెం పక్కకు జరిగింది. సర్దుకుంది. కింద గ్రౌండు, జెండాలు, బడి గోడ మీద కూర్చున్న పిల్లలు చిన్నగా అయిపోయారు. పొలాల మీద సాయంకాలపు ఎండ పసుప్పచ్చగా పడి ఉంది. ఉద్యోగంలో మొదటిసారి కర్ర నా చేతిలో ఉంది, హెలికాప్టర్ నిజంగా గాలిని కోస్తోంది. బయల్దేరామని రేడియోలో ఈసారి తడబడకుండా చెప్పాను.

"భయమైతుందా?" అని అడిగింది ఆవిడ.

"అయితుంది మేడమ్."

"మంచిది. ముంగట చూడు."

కెప్టెన్ మనోజ చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి ఊళ్లు చూస్తున్నట్టే కూర్చుంది. కానీ కంటికొసల్లోంచి నాకు కనబడుతూనే ఉంది. బేగంపేట చేరేదాకా పట్టిన ఇరవై ఆరు నిమిషాలూ ఆవిడ కుడిచేతి వేళ్లు తన సీటు ముందున్న రెండో కర్రకు అంగుళం దూరంలోనే ఉన్నాయి. ఒక్కసారి కూడా దాన్ని తాకలేదు.