బకెట్ మీది జడ్జి

దుమ్ము ముందు నాలుక మీదికి వస్తుంది.

తర్వాతే కళ్లలోకి.

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో గాలికి ఒకటే పని... ఊడ్చిన చోటే మళ్లీ పోయడం.

ఆ గాలిలో, లేబర్ క్యాంపు వెనక, బోర్లించిన పెయింటు బకెట్ మీద బుచ్చన్న కూర్చుంటాడు. ప్లాస్టరింగ్ మేస్త్రీ. పదిహేడేళ్లుగా క్యాంపుకు జడ్జి. ఆ పోస్టులో ఎవరూ వేయలేదు. ఎవరూ తీయలేదు.

శుక్రవారం, అన్నాలయ్యాక కోర్టు.

ఒకటే చట్టం — నీ బాధ నువ్వు చెప్పకూడదు. ఎదుటివాడి బాధ నువ్వు చెప్పాలి. నీది వాడు చెప్తాడు.

సగం తగాదాలు చెప్తూ ఉండగానే ఆరిపోతాయి.

ఈ ఏడు నితాఖాత్ రూలు వచ్చింది. సౌదీవాళ్లను చాలినంతమందిని పెట్టుకోలేదని కంపెనీ ఎర్ర రంగులో పడింది. ఎక్కడో స్క్రీన్ మీద ఒక గడి ఎర్రబడింది... ఇక్కడ నలభైమంది ఇఖామాలు, అంటే ఉండే పర్మిట్లు, రెన్యూ కాకుండా ఆగిపోయాయి.

ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు.

పచ్చ రంగు కంపెనీ ఒకటి కొంతమందిని తీసుకుంటానంది. ప్లాస్టరింగ్‌కు మాత్రం ఒక్కరే. ఎవరో మీరే తేల్చుకోండంది.

ఉన్నది ఇద్దరు. బుచ్చన్న, లక్ష్మణ్.

మిగిలినవాడికి ఎగ్జిట్ — తిరిగి ఇంటికే.

"నువ్వే చెప్పన్నా," అన్నారందరూ.

"నా కేసుకు నేను జడ్జినెట్లయిత?" బుచ్చన్న బకెట్ దిగాడు. వంట చేసే మహబూబ్ సుభానిని కూర్చోబెట్టాడు. నంద్యాల మనిషి. పోయినేడు ఇదే కోర్టులో ఓడినవాడు.

"నేనా? పప్పులో ఉప్పెంతో తేల్చలేక సస్తాండా," అన్నాడు సుభాని. కూర్చున్నాడు.

లక్ష్మణ్ లేచాడు. "అన్నకు... మోకాళ్లు నొస్తయ్. ఈ వయసుల ఇంటికాడ పనెవలిస్తరు..."

అక్కడితో ఆపి కూర్చున్నాడు.

బుచ్చన్న లేచాడు. లక్ష్మణ్‌నే చూశాడు.

"వీడొచ్చి పదినెల్లాయె. గోడ ఇప్పుడిప్పుడే వీని చేతిమాట ఇంటున్నది. ఇప్పుడు పంపితే మల్ల తాపీ పట్టడు. సౌదీ పోయినోడు పదినెల్లకే మర్లిండని వీని తమ్ముడే నవ్వుతడు. నాకైతే..."

ఆగాడు.

అది సొంత మాట. చట్టం ఒప్పుకోదు.

మింగాడు — దుమ్ముతో సహా.

సుభాని చాలాసేపు ఆలోచించాడు. చాలాసేపంటే, ఆయన లెక్కలో, అన్నం వార్చేంత.

"లక్ష్మణ్ ఉంటాడు. నువ్వే అంత బాగా చెప్తివి కదన్నా... నేనేం చేసేది?"





లక్ష్మణ్ ఏదో అనబోతూ లేచాడు.

"కూసో," అన్నాడు బుచ్చన్న. "తీర్పైంది."

తర్వాత మళ్లీ బకెట్ ఎక్కి అందరివైపూ తిరిగాడు. "నాకు ఎగ్జిట్ పడేదాక ఇంక మూడు శుక్రవారాలున్నయ్. ఎవలకన్న తగాదుంటే చెప్పుండ్రి."

ఇద్దరు లేచారు. ఏసీ రిమోట్ గొడవ.

చిన్న కేసు...

చాలాసేపు విన్నాడు.