ఖాళీకి తీసిన నకలు

కొండల నడుమనున్న నారిన్ ఊళ్ళో ఏ కంప్యూటర్ మొరాయించినా జనం ముందు దాన్ని రెండు దెబ్బలు వేస్తారు, అప్పటికీ లొంగకపోతే ఎర్మెక్‌కి ఫోన్ చేస్తారు. ఆస్పత్రికీ బడికీ పెన్షన్ల ఆఫీసుకీ అతనే దిక్కు. అసలు ఉద్యోగం మాత్రం ఊరి రేడియోలో. నలభై ఆరేళ్ళ మనిషి, మాట తక్కువ. ఎవరు ఫోన్ చేసినా చెప్పేవి అవే నాలుగు ముక్కలు.

"ముందు నువ్వేం మార్చావో చెప్పు. ఏం మార్చలేదని అబద్ధమాడకు. డిస్కు నిండిపోయిందేమో చూడు. లాగ్ చదువు, చదివాకే చెయ్యి పెట్టు."

లాగ్ అంటే యంత్రం తన రోజువారీ సంగతులు తానే రాసిపెట్టుకునే చిట్టా. మనుషుల మాట కన్నా దాని మాట మీదే ఎర్మెక్‌కి గురి.

రేడియోలో లినక్స్‌తో నడిచే పాత సర్వర్ ఒకటి కిటికీ కింద ఉండేది. దానికి తగిలించిన పెద్ద డిస్కులో తమారా పదకొండేళ్ళ కష్టం ఉంది. తమారా వార్తలూ వాతావరణమూ చదివే మనిషి, ఎర్మెక్ కన్నా పదేళ్ళు పెద్దది. తీరిక దొరికితే చాలు, కొండల్లో చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళు పెట్టే శోకాలు రికార్డు చేసి తెచ్చేది. వాటిలో మేటి కల్బూబూ శోకం. మొగుడు పోయిననాడు ఆమె యుర్తా అనే ఉన్ని గుడారం లోపల గోడవైపు తిరిగి కూర్చుని నలభై నిమిషాలు పాడిందట. ఆచారం ప్రకారం బయట కర్రలకు ఆనుకుని గొల్లుమనవలసిన మగవాళ్ళు ఏడవడం మరిచి విన్నారట.

ఆ కల్బూబూ అక్టోబరులో పోయింది. నవంబరులో ఒక సోమవారం మధ్యాహ్నం ఆమె కూతురు జీబెక్ బూట్ల మంచు దులుపుకుంటూ రేడియోకి వచ్చింది.

"అన్నా, నాన్న పోయినప్పుడు అమ్మ పాడిందే, ఆ శోకం కావాలి. శనివారం నలభయ్యో రోజు."

"ఆ రోజు వినిపిస్తావా అమ్మా?" అంది తమారా.

"వినిపించడానిక్కాదక్కా, నేర్చుకోడానికి. మట్టి చేసిననాడు నాకు నోరు పెగల్లేదు. పిన్ని వాళ్ళే పాడి ఎలాగో గట్టెక్కించారు. అంత నోరున్న తల్లి కడుపున మూగది పుట్టిందని ఊరంతా నవ్వారు. నవ్వితే నవ్వారు, అమ్మను ఒక్క మాటతోనైనా సాగనంపలేదు కదా నేను. శనివారమన్నా ఆమె మాటలతోనే ఆమెకి పాడాలి."

"దానికేం భాగ్యం! మా ఎర్మెక్ దగ్గర ఏదీ పోదు. నేను మైకు ముందు తుమ్మినవి కూడా దాచిపెట్టుకున్నాడు మహానుభావుడు."

ఎర్మెక్ నవ్వుతూనే ఫోల్డర్ తెరిచాడు. గడిచిన మూడు వారాల కార్యక్రమాలు కనిపించాయి. అంతకుముందువి లేవు. పొరపాటున వేరేది తెరిచానేమో అనుకుని మళ్ళీ చూశాడు. తగిలించిన డిస్కుల జాబితా అడిగితే పెద్ద డిస్కు పేరే రాలేదు. అయినా గుండె చెదరలేదు. పక్కగదిలోని యంత్రంలో రెండో డిస్కు ఉంది, ఇక్కడున్నదంతా ప్రతి తెల్లవారుజామునా నకలుగా అందులోకి పోతుంది. వెళ్ళి అది తెరిచాడు. అందులోనూ మూడు వారాలే ఉన్నాయి. 

"నాలుగు రోజులు గడువియ్యి చెల్లీ," అన్నాడు. జీబెక్ తల ఊపి వెళ్ళిపోయింది. 

అందరికీ చెప్పే మాట తాను చేయడం అతనికి కొత్త కాదు. కూర్చుని లాగ్ చదివాడు. అక్టోబరు ఇరవై రెండున ఊళ్ళో కరెంటు పోయింది. రెండు గంటల తర్వాత వచ్చింది. సర్వర్ తనంతట తాను లేచింది గానీ పెద్ద డిస్కు లేవలేదు. అలాంటప్పుడు లినక్స్ ముందుకు కదలదు. నా డిస్కు ఏదని మొండికేసి కూర్చుంటుంది. అది దాని మంచి గుణం. ఆ గుణాన్ని చంపింది ఎర్మెక్కే.

రెండేళ్ళ కిందట వేసవిలో అతను పైన పచ్చికబయళ్ళలో, తమ్ముడి గొర్రెల దగ్గర ఉన్నాడు. సర్వర్ ఇలాగే మొండికేసింది. రేడియో ఒక రోజంతా మూగబోయింది. పూట పొడుగునా గుర్రం మీద దిగివచ్చి చూస్తే, వదులైన తీగ ఒకటి నొక్కితే సరిపోయింది. డైరెక్టరు చెడామడా తిట్టాడు. ఆ ఉక్రోషంలో ఎర్మెక్ డిస్కుల పట్టికలో ఒక్క మాట చేర్చాడు. ఆ డిస్కు దొరక్కపోయినా ఆగకుండా పొమ్మని దానర్థం. ప్రస్తుతానికి ఉండనీ, వారంలో తీసేద్దాం అనుకున్నాడు. ఈ వృత్తిలో ప్రస్తుతానికి అని పెట్టింది పెట్టినవాడితోనే రిటైరవుతుంది.

ఈ అక్టోబరులో ఆ మాట విని సర్వర్ ముందుకు పోయింది. పెద్ద డిస్కు ఉండవలసిన చోట ఖాళీ ఫోల్డర్ ఉంది. మర్నాడు తెల్లవారుజామున నకలు పని మొదలైంది. ఇక్కడ లేనిది అక్కడా ఉండకూడదన్నది దాని నియమం, ఆ నియమం పెట్టిందీ ఎర్మెక్కే. అది ఖాళీనే నిజమనుకుని రెండో డిస్కును శుభ్రంగా తుడిచిపెట్టింది. తుడిచిన ప్రతి పేరూ లాగ్‌లో రాసింది. నాలుగువేల నూట పన్నెండు వరుసలు. ఎర్మెక్ వాటిని మొదటినుంచి చివరిదాకా చదివాడు. కల్బూబూ పేరు దగ్గర ఆగాడు. తిట్టడానికి ఎవరైనా ఉంటే బాగుండేది. యంత్రం చెప్పినట్టు వింది, అంతే.

పెద్ద డిస్కును వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే టిక్కు టిక్కుమంది తప్ప పలకలేదు. ఆ చప్పుడు ఫోన్లో విని బిష్కెక్‌లోని స్నేహితుడు, "ఇంక దానికి జనాజా నమాజు చదివించెయ్ అన్నా," అన్నాడు. మరో రోజైతే ఎర్మెక్ నవ్వేవాడే.

మిగిలింది రెండో డిస్కు. డిస్కులో చెరిపేసింది వెంటనే మాయమవదు. దాని చోటు ఖాళీ అని గుర్తు మాత్రం పడుతుంది, ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే పడి ఉంటుంది. అందుకే అలాంటప్పుడు చేయవలసిన మొదటి పని రాయడం ఆపడం. ఎర్మెక్ ఆపాడు. కానీ మూడు వారాలుగా కొత్త కార్యక్రమాలు వచ్చి ఆ చోట్లలో కూర్చుంటూనే ఉన్నాయి. చదవడమే తప్ప రాయడానికి వీల్లేకుండా కట్టడి చేసి, డిస్కును మూల మూలా జల్లెడ పట్టించాడు. మూడు రోజులు పట్టింది. పేర్లు పోయి, వట్టి అంకెలతో వేల ముక్కలు బయటపడ్డాయి. అతనూ తమారా చెరొక చెవిగొట్టం పెట్టుకుని ఒక్కొక్కటే విన్నారు.

గురువారం మధ్యాహ్నం తమారా అతని మోచెయ్యి పట్టుకుంది. "ఇదే. కల్బూబూ."

ఇద్దరూ విన్నారు.

*నువ్వు కట్టిన గుర్రం రాట దగ్గర నేల తవ్వుతోంది,*
*నువ్వు తాగని గుర్రప్పాల కుమిస్ గిన్నెలోనే పులిసిపోతోంది,*
*టోపీకి మేకుంది, పెట్టుకునే తల లేదు,*
*ఎవరి దగ్గు వినపడితే ఈ తలుపు తీసేది నేను...*

"డోలోన్ కనుమ మీద మంచు కురుస్తోంది. బరువు బండ్లు చక్రాలకు గొలుసులు వేసుకోవాలి," అంది మరో గొంతు.

అది తమారా గొంతు. ఆ పైన అంతా వాతావరణమే. ఆమె చెవిగొట్టం తీసి బల్ల మీద పెట్టింది.

"నేనే దాని మీద పడ్డానురా. ఇన్నేళ్ళూ ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకుని, నా గొంతుతో నేనే నొక్కేశాను." కళ్ళు తుడుచుకుంది. "మాయదారి డిస్కు."

డిస్కు కాదు, నేను అని ఎర్మెక్ అనవలసింది అప్పుడే. అనలేదు. శుక్రవారం జీబెక్ వచ్చి, ఆ నాలుగు చరణాలూ కళ్ళు మూసుకుని పదిసార్లు వింది. "తర్వాతది?" అంది. "డిస్కు పోయింది చెల్లీ. కరెంటు దెబ్బ," అన్నాడు. అబద్ధమాడకని ఊరందరికీ చెప్పిన మనిషి సగం నిజంతో సరిపెట్టాడు. 

శనివారం కల్బూబూ ఇంటి ముందు యుర్తా వేశారు. గుర్రపు మాంసం ఉడుకుతోంది. ఎర్మెక్ మగవాళ్ళతో పాటు బయట నిలబడ్డాడు. లోపల జీబెక్ గొంతెత్తింది. మొదట వణికినా తర్వాత నిలబడింది. గుర్రం వచ్చింది, కుమిస్ వచ్చింది, టోపీ వచ్చింది. ఎవరి దగ్గు వినపడితే ఈ తలుపు తీసేది నేను, అంది. అక్కడ ఆగిపోయింది.

"పాపం, దుఃఖం గొంతుకడ్డం పడింది పిల్లకి," అన్నాడు పక్కనున్న ముసలాయన. "గొంతు మాత్రం తల్లి పోలికే."

 అక్కడ ఏం అడ్డం పడిందో ఎర్మెక్‌కి తెలుసు.

కాసేపటికి జీబెక్ టీ కాచే సమోవర్ దగ్గరికి వచ్చింది. అతను దగ్గరికి వెళ్ళాడు.

"చెల్లీ, నీకు సగమే చెప్పాను. ఒక డిస్కు చచ్చిన మాట నిజమే. రెండోదాంట్లో మీ అమ్మ పాట భద్రంగానే ఉండేది. అది నావల్ల చెరిగిపోయింది. ఆగాల్సిన యంత్రాన్ని ఆగొద్దని నేనే చెప్పిపెట్టాను, నా సుఖం కోసం. ఇంకెవరి తప్పూ లేదు."

జీబెక్ గిన్నెలో టీ పోసి అతని చేతికిచ్చింది. తను పోసుకోలేదు.

"ఆగస్టులో అమ్మ నన్ను కూచోబెట్టింది అన్నా. పాడతాను, నేర్చుకో అంది. మనిషి బతికుండగా ఇంట్లో శోకమేంటి, చావుని పిలుస్తావా అని కసిరాను. వినకుండా రెండుసార్లు మొదలుపెట్టింది. నోరు మూయించాను." ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "రేడియో వాళ్ళ దగ్గర ఉందిగా, ఎక్కడికి పోతుందిలే అన్నాను."

ఎర్మెక్ టీ తాగకుండా అలాగే పట్టుకున్నాడు.

వాకిట్లో గుర్రాల చప్పుడైంది. అత్-బాషీ నుంచి చుట్టాలు దిగారు. కొత్తగా ఎవరు వచ్చినా శోకం మొదటినుంచి ఎత్తుకోవాలి. లోపలినుంచి పిన్ని పిలిచింది. జీబెక్ వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుని, మళ్ళీ గుర్రం దగ్గర మొదలుపెట్టింది. నాలుగో చరణం వచ్చేసరికి ఎర్మెక్ తల వంచుకున్నాడు. ఆమె ఈసారీ అక్కడే ఆగింది.