పక్క మీద అరిటాకు

నేను ఒక కొడవలిని. గోదావరి వరద మా లంకలో ఇళ్ల చూరు తాకి పోయిన ఏడాది కమ్మరి కొలిమిలో పుట్టాను. అంతకుముందు లారీ కమాను ముక్కని. బరువు మోయడం నాకు కొత్త కాదు. అరటి రైతు బుల్లియ్య నన్ను కొనుక్కున్నాడు. గెలలకీ, పెళ్లి భోజనాల ఆకులకీ పనికొచ్చాను.

వరద తగ్గి తోట మళ్లీ పిలకలు వేసేసరికి బుల్లియ్య నోరు పూసింది. ముద్ద మింగలేడు. వేడి చేసిందని మజ్జిగ పోశారు. తరువాత వీపు మీద నీటి పొక్కులు లేచాయి. చొక్కా రాసుకుంటే చాలు, చితికి తోలు ఊడి వచ్చేది.

బావమరిది గంగరాజు చూసి సర్పి అన్నాడు. సర్పి లేస్తే కుమ్మరి చేత ఎర్రమట్టి జాజుతో ఒంటి మీద పాము బొమ్మ వేయించడం మా వైపు అలవాటు. వేయించారు. పాము బాగా కుదిరింది. పొక్కులు దాన్ని దాటి పోయాయి.

పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ చర్మం ముక్క తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక బుల్లియ్య భార్య పల్లాలమ్మని కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది అంటుకునేది కాదమ్మా. ఒంటిని కాపాడే బలమే దారి తప్పి, చర్మాన్ని అతికించి ఉంచే జిగురు మీద పడింది. మాత్రలు దాన్ని అణుస్తాయి. మేం చెప్పకుండా ఆపొద్దు."

దుప్పటి పుండ్లకి అంటుకుంటోందంటే అరిటాకు పరవమంది. అలా నేను పల్లాలమ్మ చేతికి వచ్చాను. లేత ఆకు కోసి, ఈనె తీసి, కడిగి పరిచేది.

పొక్కులు మాడాయి. బుల్లియ్య మొహం గుండ్రంగా ఉబ్బింది. అది మాత్రల ఉబ్బు. కానీ బుగ్గలు కనిపిస్తే మనుషులకి ఆరోగ్యం కిందే లెక్క.

"పెళ్లినాడు కూడా ఇలా లేవు బావా," అన్నాడు గంగరాజు. "ఇంకా ఆ మాత్రలెందుకు?"

బుల్లియ్య మానేశాడు. భార్యకి చెప్పలేదు. పొక్కులు తిరిగొచ్చాయి, ఈసారి ఛాతీ నిండా. జ్వరం. నీళ్లు కూడా గొంతు దిగలేదు. అప్పుడు చెప్పాడు.

"బుగ్గలంట బుగ్గలు," అంది పల్లాలమ్మ. "కూరొండుకోనా వాటిని? నాకు మడిసి కావాలయ్యా."

మళ్లీ ఆసుపత్రి. డాక్టరమ్మ కోప్పడింది. మోతాదు పెంచి, సెలైన్‌లో ఇంకో మందు ఎక్కించింది. బతుకుతాడో లేదో చెప్పలేదు. చూద్దాం అంది. పల్లాలమ్మ మంచం దగ్గరే ఉండిపోయింది. రోజూ తెల్లారగట్ల గంగరాజే నాతో ఆకులు కోసి, పడవలో గోదావరి దాటి తీసుకెళ్లేవాడు. వేళాకోళం మానేశాడు.

పిలకలు గెల వేసే నాటికి బుల్లియ్య ఇంటికొచ్చాడు. మాత్రలు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. చివరి పుండు ఆరిన సాయంత్రం పల్లాలమ్మ అలవాటు కొద్దీ నన్ను తీసింది.

"ఇయ్యాల దుప్పటెయ్యవే," అన్నాడు బుల్లియ్య.

ఆమె కొంగుతో నన్ను తుడిచింది. తరువాత చూరులో దోపింది.

మర్నాడు పొద్దున్నే అతనే నన్ను తీశాడు. చెయ్యి తేలికైపోయింది, పట్టు మాత్రం పాతదే. తోటలోకి వెళ్లి ఒకే ఒక్క ఆకు కోశాడు. కడిగి, మంచం మీద కాదు, నేల మీద వేసుకుని దాని ముందు కూర్చున్నాడు. పల్లాలమ్మ కారం లేని పప్పు, అన్నం వడ్డించింది. మెల్లగా తిన్నాడు. ఆకు మడిచి, ఎవరూ చెప్పకుండానే మాత్ర వేసుకున్నాడు.