ఎడమ మడమ

"ఈసారి వాడు నిజంగానే పడితే నాకెలా తెలుస్తుందే?" అన్నాను, రొట్టె ముక్కల మధ్య సాసేజ్ సర్దుతూ.

మా అక్క బెర్నీ వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని మంచు బూట్లు తొడుక్కుంటోంది. తల కూడా ఎత్తలేదు. "ఇంకా కారు బయటికి తియ్యలేదు. అప్పుడే పడేశావా వాణ్ణి?"

"చెప్పవే. ఎలా తెలుస్తుంది?"

"పడినప్పుడు చూద్దాంలే. ముందు ఆ మస్టర్డ్ సాసు తగ్గించు. నా కోటు తిన్నది చాలు."

నవ్వాల్సిన మాటే. నాకు నవ్వు రాలేదు. ఆ కోటు మీద పడిన మస్టర్డ్ మరకే మా ఇంటి మీదికి ఇంత తెచ్చింది.

మా అబ్బాయి టెడ్డీ లేక్‌మెన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీములో రక్షణ వరుసలో ఆడతాడు. సగం రోజులు బెంచీ మీదే ఉంటాడు. ప్రతి వేసవిలోనూ వాణ్ణి ఉంచుతారో ఊడబీకుతారో అని నేను నిద్ర మానుకుంటాను. నిద్ర మానుకోవడం నాకు కొత్తేమీ కాదు. చేపముల్లుకు భయపడతాను, మంచు రోడ్డుకు భయపడతాను, పొయ్యి ఆపానో లేదో అని సగం దారిలో వెనక్కొస్తాను. బడి క్యాంటీన్లో పిల్లలకు వడ్డించే పని నాది. అక్కడ ద్రాక్షపళ్ళు కూడా నిలువునా కోసి పెడతానని తోటివాళ్ళు నవ్వుతారు. అలాంటిదానికి ఒక్కగానొక్క కొడుకు పుట్టి, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆటే కావాలన్నాడు.

ఆ ఆటలో ఒక కిటుకుంది. అవతలి టీము ఒక్కోసారి ఊపిరి తీసుకోనివ్వదు. ఒక ఎత్తు అవ్వగానే ఇంకో ఎత్తు, ఆగకుండా పరిగెత్తిస్తుంది. మనవాళ్ళు రొప్పుతుంటారు, అలిసినవాణ్ణి మార్చే వ్యవధి కూడా ఉండదు. అప్పుడు మనలో ఒకడు కాలు పట్టుకుని కూలిపోయాడనుకోండి, ఆట ఆపి తీరాలి. వైద్యులు పరిగెత్తుకొస్తారు, మిగతావాళ్ళు నీళ్ళు తాగుతారు. పడ్డవాడు కుంటుకుంటూ బయటికెళ్ళి, ఒక్క ఎత్తు కాగానే కుందేలులా తిరిగొస్తాడు. పోటీలు నడిపే లీగు దీన్ని మోసమంటుంది. అందరూ చేస్తారు. మా కోచ్ హ్యాడ్లీ టోపీ తీసి తల గోక్కుంటే మావాడు పడాలి. మావాడే ఎందుకంటే, పేరున్నవాడు పడితే పేరు పోతుంది. టెడ్డీకి పోవడానికి పేరేదీ?

మొదటిసారి పడ్డప్పుడు నాకీ సంగతులేవీ తెలియవు. చేతిలో వేడి చాక్లెట్ కప్పు ఏమైందో తెలియదు, మెట్లెలా దిగానో తెలియదు. మైదానం కంచె మీద కాలు వేస్తుంటే కాపలా అతను కోటు పట్టుకుని ఆపాడు. ఆదివారాలు వాడు సూప్ తాగడానికి ఇంటికొస్తాడు. ఆ సాయంత్రం గిన్నె ముందు కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మా, అది ఉత్తుత్తిదే."

"ఉత్తుత్తిదేంట్రా! నా ప్రాణం పోయింది."

"పోలేదు. కంచె ఎక్కబోయావు. ఊరంతా చూసింది."

"నువ్వలా పడుంటే ఎక్కనా మరి?"

వాడు చెంచాతో క్యారెట్ ముక్కలు పక్కకి నెట్టాడు. చిన్నప్పటి నుంచీ అంతే, క్యారెట్ తినడు. "సరే, ఇలా చేద్దాం. ఉత్తుత్తిదైతే వెల్లకిలా పడుకుని ఎడమ మడమతో నేల మీద కొడతాను. చర్చిలో బెంచీ కింద కొట్టేవాణ్ణి చూడు, అలాగ. మడమ ఆడిందంటే నాకేం కాలేదని. నువ్వు కదలకూడదు. ఒట్టు?"

ఒట్టు అన్నాను. అలా పడటం తప్పు కదరా అని నా నోటికి రాలేదు. వాడి ఎముకలు బాగుంటే చాలనిపించింది.

ఆ తర్వాత వాడు పడ్డప్పుడల్లా ముందు మడమకేసి చూసేదాన్ని. అది ఆడేది. నేను కూర్చునేదాన్ని. నా పెళ్ళయిన దగ్గర్నుంచి అంత నిశ్చింతగా ఉన్నది ఆ కొద్ది వారాలే.

అక్టోబరులో, ఆట చివర్లో వాడు మోకాలు పట్టుకుని పడ్డాడు. మడమ చూసుకున్నాను. ఆడుతోంది. సరిగ్గా అప్పుడే బెర్నీ కొత్త కోటు చెయ్యి మీద మస్టర్డ్ పడింది. నేను కాగితం రుమాలు ఉమ్మితో తడిపి మరక తుడుస్తున్నాను. కెమెరా వాళ్ళకి ఏం పుట్టిందో, ఒక పక్క నేల మీద మెలికలు తిరుగుతున్న కొడుకునీ, ఇంకో పక్క మరక తుడుస్తున్న తల్లినీ కలిపి టీవీలో చూపించారు. వ్యాఖ్యానం చెప్పేవాడు, "కన్నతల్లికే లేని కంగారు మనకెందుకండీ" అన్నాడట. మర్నాటికల్లా దేశమంతా ఆ బొమ్మే. కింద ఎవరో పాత బొమ్మ కూడా అతికించారు, నేను కంచె ఎక్కబోతున్నది.

ఓడిన టీము ఫిర్యాదు చేసింది. లీగు విచారణ మొదలెట్టింది. హ్యాడ్లీ మైకుల ముందు నిలబడి, "నా టీములో అలాంటివి జరగవు. ఎవడైనా సొంత తెలివితో చేసుంటే వాడే జవాబు చెప్పుకుంటాడు" అన్నాడు. ఆ మాటలు అంటున్నప్పుడు టోపీ నెత్తి మీదే ఉంది.

లీగు తరఫున ఒకావిడ నాకు ఫోన్ చేసింది. గొంతు మర్యాదగానే ఉంది.

"మొదటిసారి మీరు పరిగెత్తుకుంటూ కిందికి దిగారు. ఈసారి కనీసం తల తిప్పలేదు. మధ్యలో ఏం మారిందండీ?"

నోటికొచ్చింది చెప్పాను. "కోటు కొత్తదండీ."

ఆవిడ, "అర్థమైంది" అంది. ఏం అర్థమైందో దేవుడికి తెలియాలి. చర్చిలో పాపం ఒప్పుకోవడానికి వెళ్ళి, దీన్ని అబద్ధంలో కలపాలో వద్దో తెలియక ఊరికే వచ్చేశాను.

శుక్రవారం చర్చి హాల్లో వేయించిన చేపల భోజనం. నేను పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడితే వెనకనుంచి లెన్ కోవాల్, మా వీధి చివర గ్యారేజీ నడిపే ఆయన, "లొరైన్, నా నడుంనొప్పి నిజమైందో కాదో మీవాణ్ణడిగి చెప్పు" అన్నాడు. అందరూ నవ్వారు.

బెర్నీ వెనక్కి తిరిగింది. "నీ నడుం సంగతి మీ ఆవిడకి తెలుసులే లెన్. ముందుకి జరుగు."

"నేనేమన్నానమ్మా? అందరూ దొంగలే. ఎవరు గెలవాలో లీగు వాళ్ళు ముందే గదిలో కూర్చుని తేల్చేసుకుంటారు. మనం చలిలో కూర్చుని అరవడానికి."

"మరెందుకు వెళ్తావు?"

ఆయన చేపముక్క అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "వెళ్ళక ఆదివారం ఏం చెయ్యను?"

చివరికి లీగు తేల్చిందేమిటంటే, కోచ్ మీద ఆధారాలు చాలవట. టెడ్డీకి మాత్రం ఆఖరి హెచ్చరిక. ఇంకోసారి ఉత్తుత్తిగా పడ్డాడని తేలితే సీజను ముగిసేదాకా ఆడకూడదు. అలా బయట కూర్చున్నవాణ్ణి వచ్చే వేసవిలో ఎవరు తీసుకుంటారు? దాంతో టీము ఇంకో తెలివి నేర్చింది. పడ్డవాడు ఎవడైనా సరే, లోపలికి తీసుకెళ్ళి ఐసు పెట్టి, కట్టు కట్టి, ఎక్స్‌రే తీయిస్తారు. లీగుకు చూపించడానికి కాగితం ఉండాలి కదా. మరుసటి వారమే ఇంకో కుర్రాడు పడ్డాడు, ఎక్స్‌రే తీయించుకున్నాడు, సోమవారం స్కేటింగ్‌కి వెళ్ళాడు.

టెడ్డీకి ఫోన్ చేశాను.

"ఇంక మడమ లేదమ్మా. కెమెరాలన్నీ నా కాళ్ళ మీదే ఉన్నాయి."

"మరి పడటం?"

వాడు ఫ్రిజ్ తలుపు తెరిచి మూసిన చప్పుడైంది.

"టెడ్డీ, పడటం కూడా లేదా?"

"లాయరు ఎవరితోనూ మాట్లాడొద్దన్నాడమ్మా."

"నేనెవర్నిరా?"

"ఎవరితోనూ అన్నాడు."

అప్పట్నుంచి ఆదివారం సూప్‌కి రావడం మానేశాడు. నేను వండుతూనే ఉన్నాను.

ఇదంతా జరిగాక వచ్చిన డిసెంబరు ఆదివారం అది. సాసేజ్ రొట్టెలు సంచిలో పెట్టుకుని, దారిలో బెర్నీ ఎర్ర లైటు దగ్గర ఆగిన ప్రతిసారీ బ్రేకు పడిందో లేదో కనుక్కుంటూ, స్టేడియం చేరాం. సరస్సు మీదనుంచి మంచు అడ్డంగా కొడుతోంది. మా వరుసలో వాళ్ళు నాకు దారిచ్చి, వెనక ఏదో అనుకున్నారు.

రెండో సగంలో అవతలి టీము ఆగకుండా పరిగెత్తించడం మొదలుపెట్టింది. మావాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని వంగిపోతున్నారు. నేను హ్యాడ్లీకేసి చూశాను. టోపీ చేతిలో ఉంది. బట్టతల మీద మంచు పడుతోంది. గోక్కుంటున్నాడు.

వెంటనే ఇటు చూసేసరికి, గుద్దులాటలోంచి అందరూ లేచారు. టెడ్డీ లేవలేదు.

స్టేడియం సగం ఒక్కసారిగా కూసింది. "లేవరా నాటకాలోడా!" అని మా వెనకనుంచే ఎవరో అరిచారు, మా ఊరివాడే. నేను ఎడమ మడమకేసి చూశాను. కదల్లేదు. కదపనన్నాడు కదా. కదపనన్నాడు కాబట్టి కదపలేదా? టోపీ తీశాడు కాబట్టి పడ్డాడా? అంతలో జనం గొల్లున నవ్వారు. తలెత్తితే పెద్ద తెర మీద నేను. ఇంటి పైకప్పంత మొహం, నోరు తెరుచుకుని ఉంది.

"కూర్చోవే" అంది బెర్నీ పళ్ళ బిగువున. "నువ్వు పరిగెత్తితే నేర్పించి తీసుకొచ్చారంటారు."

"కూర్చుంటే?"

"కూర్చుంటే నీకు తెలుసంటారు."

కొడుకు నేల మీద పడుంటే ఏ మొహం పెట్టుకోవాలో ఆలోచించాల్సి వచ్చింది నాకు. ఏ తల్లికీ వద్దు. లేచాను. మోకాళ్ళు నొప్పి, మెట్ల మీద మంచు, జారిపడి చస్తాననే అనుకున్నాను. జనం కూతలు వేస్తూనే ఉన్నారు. కంచె దగ్గర పాత కాపలా అతనే ఉన్నాడు. ఈసారి కోటు పట్టుకోలేదు. "చూడండమ్మా, ఇక్కడ్నుంచి చూడండి" అని కాస్త పక్కకి జరిగాడు.

ఇద్దరు మనుషులు టెడ్డీ చేతులు తమ భుజాల మీద వేసుకుని నడిపించుకెళ్ళారు. ఎడమ కాలు నేలకి ఆనలేదు. నాటకంలోనూ ఆనించడు. నా ముందునుంచే వెళ్ళాడు. హెల్మెట్ తియ్యలేదు.

ఆట అయిపోయాక కాపలా అతను నన్ను స్టాండ్ల కింద ఉన్న చిన్న గదికి తీసుకెళ్ళాడు. బెర్నీ సంచి పట్టుకుని బయట కూర్చుంది. టెడ్డీ ఎత్తు బల్ల మీద ఉన్నాడు. కాలికి కట్టు, కట్టు మీద ఐసు. ఎక్స్‌రే తీశారట, డాక్టరు ఇంకా చెప్పలేదట. కట్టూ ఐసూ చూసి ఊరట పడాలో భయపడాలో తెలియని రోజులొచ్చాయి.

తలుపు తోసుకుని హ్యాడ్లీ వచ్చాడు. మేము గెలిచాం, మొహం వెలుగుతోంది. టెడ్డీ భుజం మీద చరిచాడు. "సమయానికి పడ్డావురా అబ్బాయ్! ఆ కాస్త ఊపిరి దొరక్కపోతే మునిగేవాళ్ళం." నన్ను చూసి టోపీ అంచు ముట్టుకున్నాడు. "నమస్తే అమ్మా. మీరు కూడా అదరగొట్టారు." ఎంత వేగంగా వచ్చాడో అంత వేగంగా వెళ్ళిపోయాడు.

టెడ్డీ గోడకేసి చూస్తున్నాడు.

నేను స్టూలు దగ్గరకి లాక్కున్నాను. బడిలో పిల్లల్ని అడిగినట్టు మెల్లగా అడిగాను.

"లాయరుకి చెప్పకు. లీగుకి చెప్పకు. నాకు చెప్పు. నిజంగా పడ్డావా?"

పైన స్టాండ్లలో జనం దిగుతున్న చప్పుడు పిడుగుల్లా ఉండి, పలచబడి, ఆగిపోయింది. ఎవరో ఖాళీ సీసాలు ఊడుస్తున్నారు. ఐసు కరిగి బల్ల అంచునుంచి నా బూటు మీద బొట్లు పడుతున్నాయి. నేను కాలు తియ్యలేదు. మళ్ళీ అడగలేదు కూడా. అడిగితే ఇంకో అబద్ధం వస్తుందేమోనని, రాకపోతే అంతకంటే పెద్దదేదో వస్తుందేమోనని. వాడి కోసం తెచ్చిన రొట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బయట బెర్నీ తలుపు సందులోంచి ఒకసారి చూసి, వెనక్కెళ్ళింది.

వాడు కట్టు కింద నుంచి బయటికొచ్చిన తన కాలివేళ్ళకేసి, ఎవరివో చూస్తున్నట్టు, చాలాసేపు చూశాడు.

"నువ్వు మెట్లు దిగి వస్తుంటే కనిపించావమ్మా" అన్నాడు చివరికి. "నువ్వు జారిపడతావేమోనని మడమ కొడదామని చూశాను. కదల్లేదు."